గడప లేని షాపులో చాయ్

ఆషాఢంలో అత్తా కోడలూ ఒకే గడప దాటకూడదని నియమం పెట్టిన మహానుభావుడెవరో గాని, ఆయన నిజామాబాద్ బస్టాండు దగ్గరి ఐదంతస్తుల బట్టల షాపును మాత్రం చూసి ఉండడు. ఆ షాపుకు గడప లేదు. నున్నటి రాయి పరిచిన నేల బయటి మెట్టు దగ్గర మొదలై లోపలికి అట్లాగే సాగిపోతుంది. మనిషి ఎదుట నిలబడితే చాలు, అద్దాల తలుపు తనంతట తానే పక్కకు జరుగుతుంది. ఊళ్ళో ఎన్ని వేలమంది ఆ తలుపులోంచి పోయి వచ్చారో లెక్కలేదు. గడప లేదన్న సంగతిని పనికి తెచ్చుకున్నది మాత్రం బీడీలు చుట్టే భూమవ్వ ఒక్కతే.

ఏడేండ్ల కిందట భూమవ్వ తన ఒక్కగానొక్క కొడుకు మహేష్‌కు పెండ్లి చేసింది. మహేష్ ట్రాలీ ఆటో నడిపేవాడు. కోడలు సుమలత మోస్రాలో మేనమామ ఇంట్లో పెరిగిన పిల్ల. తల్లి చిన్నప్పుడే పోయింది. తండ్రి సంగతి ఎవరూ ఎత్తరు. కూతురు లేని ఆమె, తల్లి లేని ఈమె. రెండు నెలలు తిరగకముందే ఇద్దరూ ఒకటైపోయారు. ఒకరు తునికాకు కత్తిరిస్తుంటే ఒకరు చాట ఒళ్ళో పెట్టుకుని బీడీ చుట్టేవాళ్ళు. నడుమ మహేష్ వచ్చి అన్నం పెట్టమంటే ఇద్దరూ కలిసి వాణ్ణి కసిరేవాళ్ళు. వాడు నవ్వుకుంటూ తానే గిన్నెలు వెతుక్కునేవాడు.

అంతలో ఆషాఢం వచ్చి పడింది. కొత్త కోడలు తల్లిగారింటికి పోవాలి. తల్లే లేని పిల్లకు తల్లిగారిల్లు ఎక్కడిదని ఎవరూ అడగలేదు. మేనమామ వచ్చి తీసుకుపోయాడు.

వారం గడిచేసరికి భూమవ్వకు ఆ ఇంట్లో ఉండబుద్ధి కాలేదు. రోజూ ఫోన్ చేసేది. "తిన్నవా బిడ్డా?" అంటే "తిన్న అత్తా" అని సన్నటి గొంతు వినబడేది. ఆ గొంతు వింటేనే తినలేదని తెలిసిపోయేది. మేనమామ భార్య అన్నం కన్నా మాటలే ఎక్కువ వడ్డిస్తుందని మోస్రాలో అందరికీ తెలుసు. భూమవ్వకు కోపమొచ్చింది. కోపమొస్తే ఆమెకు తెలివి పెరుగుతుంది.

"రేపు నిజామాబాద్ రా. అద్దాల షాపుల ఆషాఢం సేల్ పెట్టిండ్రట," అన్నది.

"అమ్మో! మనిద్దరం ఒక గడప దాటద్దంటరు కద అత్తా?"

"దానికి గడప యాడున్నది? నేను పోయి సూసొచ్చే చెప్తున్న. నువ్వు రా."

నిజంగానే పోయి చూసి వచ్చింది. గేటు దగ్గర నిలబడిన కాపలా ఆయన్ని, "గిదంత గిట్లనే సాపుగ ఉంటదా, ఎన్నడన్న గడప పెడ్తరా?" అని అడిగింది కూడా. జవాబుగా ఆయన సలాం కొట్టాడట.

ఆ రోజు అత్తా కోడలూ షాపంతా తిరిగారు. ఒకటి కొంటే ఒకటి ఉచితం అన్న చీరలను గుట్టలు గుట్టలుగా విప్పించి, కట్టుకున్నట్టు భుజాల మీద వేసుకుని చూసుకుని, చివరికి రెండు జాకెట్ ముక్కలు కొన్నారు. వాటంతటవే కదిలే మెట్లు ఎక్కేటప్పుడు భూమవ్వ సుమలత చెయ్యి గట్టిగా పట్టుకుని, కండ్లు మూసుకుని, పైకి పోయేదాకా తెరవలేదు. పై అంతస్తులో మెత్తటి కుర్చీలు వేసిన హోటలు ఉంది. అక్కడ సాయంత్రం చాయ్ తాగడం ఊళ్ళో డబ్బున్నవాళ్ళకు కొత్తగా పట్టుకున్న సరదా. కాళ్ళు గుంజుతుంటే ఇద్దరూ కిటికీ పక్కన కూలబడ్డారు. ధర విని భూమవ్వ ఒక్క చాయే చెప్పింది.

తెల్లటి కప్పు, తెల్లటి సాసరు, పక్కన రెండు సన్నటి కాగితపు గొట్టాలు వచ్చాయి. భూమవ్వ ఒక గుక్క తాగింది. చక్కెర లేదు. ఆమె పుట్టింది బోధన్‌లో. తండ్రి చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసినవాడు. ఆయన విప్పేసిన అంగీ వాసన చూస్తేనే పిల్లలకు నోరూరేది. అట్లాంటి మనిషి, గొప్పోళ్ళ చాయ్ గిట్లనే ఉంటదేమోనని, మొహం మార్చకుండా మింగేసింది. సుమలత ఆ కాగితపు గొట్టాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, కొస చింపి, పకపకా నవ్వింది. "సక్కెర ఇండ్ల దాసిపెట్టిండ్రు అత్తా!"

చక్కెర కలిపి, చాయ్ సగం సాసర్లో పోసి, ఆ సాసరు అత్త ముందుకు జరిపింది. కప్పు తాను పెట్టుకుంది. పెండ్లయినప్పటి నుంచి ఆ పిల్ల అంతగా నవ్వడం భూమవ్వ చూడలేదు. ఆ సంతోషంలో మనసులో మాట అనేసింది.

"నన్ను అత్త అనకే. అవ్వ అను."

ఆ దిక్కు తల్లిని అవ్వ అంటారు. బస్సులో పక్కన కూర్చున్న ముసలామెనూ అవ్వ అంటారు. భూమవ్వ అడిగింది మొదటి అవ్వ. సుమలత నవ్వు ఆగిపోయింది.

"ఆ మాట అందామంటే మా అవ్వ మొకం యాదికొస్తది అత్తా. నోరు రాదు," అన్నది మెల్లగా.

భూమవ్వ మళ్ళీ అడగలేదు. అడగలేదే గాని, ఆ మాట కోసం చెవి ఒగ్గి ఉండడం మానలేదు. ఆ పిల్ల నిద్ర లేచి పిలిచినప్పుడల్లా, గుమ్మంలోంచి కేకేసినప్పుడల్లా, ఈసారి అంటుందేమోనని చూసేది. అత్తా అనే వచ్చేది.

రెండో ఏడు నుంచి కోడలు తల్లిగారింటికి పోనక్కరలేదు. అయినా ఆషాఢం వస్తే ఒక శుక్రవారం ఆ షాపుకు పోవడం, ఒక్క చాయ్ చెప్పి కప్పు ఒకరూ సాసరు ఒకరూ తాగడం వాళ్ళకు పండుగైపోయింది. ఇంకో చాయ్ చెప్పుకునే స్తోమత వచ్చినా చెప్పుకోలేదు. చాయ్ తెచ్చే సంజన అనే పిల్ల వీళ్ళను చూడగానే "అత్తా కోడళ్ళు వచ్చిండ్రు!" అని లోపలికి కేకేసేది. పక్కింటి హన్మవ్వకు మాత్రం ఈ వైభవం గిట్టేది కాదు. "బీడీలు చుట్టేటోళ్ళకు మిద్దె మీద చాయ్ కావాల్నా?" అనేది. "కావాలె. నువ్వు గూడ రా, సాసరు నాకుటానికి ఇస్తం," అనేది భూమవ్వ.

మూడేండ్ల కిందట మహేష్ పోయాడు. చీకటి పడే వేళ బోధన్ రోడ్డు మీద వడ్ల ట్రాక్టరు ఒకటి చెడిపోయి ఆగి ఉంది. వెనక లైటు లేదు. అంతే. అంతకన్నా చెప్పడానికి ఏమీ లేదు, ఎంత చెప్పినా వాడు రాడు. ఆ ఏడు ఆషాఢం వచ్చిపోయిన సంగతి కూడా ఆ ఇంట్లో తెలియలేదు. మరుసటి ఏడు సుమలతే చీర మార్చుకుని వచ్చి, "పా అత్తా, పోదాం," అన్నది. పోయారు. ఏమీ కొనలేదు. అదే కిటికీ పక్కన కూర్చున్నారు. సుమలత సాసర్లో పోసి ఇచ్చింది. అప్పుడన్నది భూమవ్వ.

"నువ్వు మళ్ళ పెండ్లి చేసుకోవాలె బిడ్డా."

సుమలత కప్పు దించేసింది. "నన్ను ఎల్లగొడ్తవా?" అన్నది. కండ్లల్లో నీళ్ళు, గొంతులో కోపం. కాని భూమవ్వ పట్టు పట్టిందంటే వదిలే రకం కాదు. పిల్లకు ముప్పై కూడా నిండలేదు. తాను పోయాక ఆ చాటతో ఒంటరిగా ఎట్లా పొద్దు గడుపుతుందన్న తలపు ఆమెను నిద్రపోనివ్వలేదు. ఏడాది పొడుగునా పోరి పోరి ఒప్పించింది. కులపెద్ద ఆశన్న బోధన్ సంబంధం తెచ్చాడు. అబ్బాయి రాజేష్, రైస్ మిల్లులో పని, మొదటి పెండ్లాం విడిపోయింది, తాగుడు లేదు, నెమ్మది మనిషి. అంతా బాగుంది. ఒక్కటే షరతు. అబ్బాయి తల్లి ఆశన్న ముందే అడిగింది.

"పిల్ల నచ్చింది. కాని పాతింటితోని రాకపోకలు ఉండద్దు. అటోకాలు ఇటోకాలుంటే కాపురం నిలవదు. ఏమంటరు?"

అందరూ భూమవ్వ దిక్కు చూశారు. సంబంధం ఎక్కడ తప్పిపోతుందోనని ఆమె ఎంత తొందరపడిందంటే, అడిగినదానికన్నా ఎక్కువే ఒప్పుకుంది.

"ఇగ ఆమెకూ నాకూ ఏం సంబంధమమ్మా? నా కొడుకే లేడు. పిల్ల మంచిగ బతికితే సాలు."

మాట అన్నది గాని, అది పెండ్లి కుదరడానికి అన్న మాటేనని, నాలుగు దినాలు పోతే ఎవరూ పట్టించుకోరని లోపల అనుకుంది. వైశాఖంలో పెండ్లయింది. భూమవ్వ పోలేదు. ఇంట్లో కూర్చుని బీడీలు చుట్టింది. ఆ రోజు చుట్టినవన్నీ వదులుగా వచ్చాయని కార్ఖానాలో తిరగ్గొట్టారు.

పోయిన కొత్తలో సుమలత రోజూ ఫోన్ చేసేది. తర్వాత రెండు రోజులకొకసారి. తర్వాత, "అత్తమ్మ వస్తుంది, మళ్ళ చేస్త," అని పెట్టేసేది. అత్తమ్మ అంటే ఇప్పుడు వేరే ఆమె. ఆ మాట విన్నప్పుడల్లా భూమవ్వకు చెవిలో ముల్లు గుచ్చినట్టుండేది. మళ్ళీ తానే సర్దిచెప్పుకునేది: నేనే కద పంపిన, నేనే కద ఒప్పుకున్న.

ఆషాఢం దగ్గరికి వచ్చింది. అప్పుడు తట్టింది ఆమెకు. సుమలత మళ్ళీ కొత్త కోడలు. ఆషాఢమంతా తల్లిగారింటికి పోవాలి. మేనమామ ఇప్పుడు బతికి లేడు, మోస్రాలో ఆయన భార్య పిల్లను రానివ్వదు. మరి ఎక్కడికి పోతుంది? ఇక్కడికే రావాలి. ఇదే తల్లిగారిల్లు. పెండ్లి చేసి పంపించింది నేను, ఆషాఢానికి తెచ్చుకునేదీ నేనే. షరతు ఉంటే ఉండనీ, తల్లిగారింటికి పోవద్దని ఏ అత్తా అనదు. ఈ ఆలోచన వచ్చినప్పటి నుంచి భూమవ్వ కాళ్ళు నేల మీద నిలవలేదు. మహేష్ గదికి సున్నం కొట్టించింది. పరుపు ఎండకు వేసింది. గడపకు పసుపు రాసి బొట్లు పెట్టింది.

హన్మవ్వ గోడ మీంచి చూసి ఊరుకుంటుందా?

"ఏందే, సుమలతను తెస్తవా? నువ్వు అత్తవు కదనే! ఆషాఢంల ఒక గడప దాటుతరా?"

"దాని అత్త బోధన్ల ఉన్నది," అన్నది భూమవ్వ. "నేనిప్పుడు దాని అవ్వను."

అనేసి తానే సిగ్గుపడి లోపలికి పోయింది. ఆ పిల్ల నోటినుంచి రాని మాటను తన నోటితో అనుకోవడం ఆమెకే వింతగా అనిపించింది.

మొదటి వారంలోనే ఫోన్ వచ్చింది. "శుక్రవారం షాపుకు వస్తున్న అత్తా. చాయ్ యాళ్ళకు ఆడ ఉంట," అన్నది సుమలత. ఇంకేమీ అడగకముందే పెట్టేసింది. అడగనక్కరలేదు. ఎదుట కూర్చోబెట్టి, చాయ్ తాగుతూ, "ఇంటికి పోదాం పా బిడ్డా, నెలంతా మన ఇంట్లనే ఉండు," అనాలనుకుంది. బస్సులో కూర్చుని ఆ మాటను పెదవులతోనే పదిసార్లు అనుకుంది.

షాపు ముందు జనం. ఆషాఢం సేల్ అంటే నిజామాబాద్ చుట్టుపక్కల ఊళ్ళన్నీ అక్కడే ఉంటాయి. మరాఠీలో బేరమాడేవాళ్ళు, ఉర్దూలో కసురుకునేవాళ్ళు, పిల్లలు తప్పిపోయి ఏడ్చేవాళ్ళు. భూమవ్వ చెయ్యి పట్టుకునేవాళ్ళు లేక కదిలే మెట్ల జోలికి పోకుండా మామూలు మెట్లే ఎక్కింది. చీరల అంతస్తులో నిలబడి, అమ్మే పిల్ల విసుక్కునేదాకా విప్పించి, ఒక వంకాయ రంగు చీర తీసుకుంది. ఆవపువ్వు రంగు అంచు. సుమలత చామనఛాయకు అది ఎట్లా నప్పుతుందో ఆమెకు కండ్ల ముందు కనబడుతూనే ఉంది. తల్లిగారింటికి వచ్చిన బిడ్డను ఉత్త చేతులతో కూర్చోబెడతారా ఎవరన్నా?

పై అంతస్తులో కిటికీ పక్క బల్ల ఖాళీగానే ఉంది. సంజన దూరం నుంచే నవ్వి, "కోడలేదత్తమ్మా?" అంది. "వస్తది వస్తది," అన్నది భూమవ్వ. సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

కదిలే మెట్ల పైకొసలో సుమలత తేలింది. తలలో మల్లెలు, మెడలో నల్లపూసలు, కొంచెం ఒళ్ళు చేసింది. భూమవ్వ గుండె నిండిపోయింది. లేచి నిలబడింది. సుమలత గబగబా రెండడుగులు వేసి, "అత్..." అన్నది.

ఆమె వెనక నుంచి, రెండు చేతులా సంచులతో, బొద్దుగా ఉన్న ఒకామె పక్కకు వచ్చి నిలబడింది.

సుమలత నోట్లో మొదలైన మాట నోట్లోనే దారి మళ్ళింది. "...అవ్వా. మంచిగున్నవా అవ్వా?"

"ఎవరు సుమలతా?" అన్నది ఆమె.

"తెలిసినామె వదినా," అన్నది సుమలత నేల చూస్తూ. "మా ఇంటి పక్కన ఉంటుండె."

భూమవ్వ నిలబడ్డది నిలబడ్డట్టే ఉండిపోయింది. తెలిసినామె. ఏడేండ్లు ఒక కంచంలో తిన్న మనిషి, కొడుకు శవం ముందు ఒకరినొకరు పట్టుకుని ఏడ్చిన మనిషి, తెలిసినామె అయింది. ఒక్క నిమిషం ఆ పిల్ల మీద పట్టరాని కోపమొచ్చింది. సంచి తీసుకుని వెళ్ళిపోదామనిపించింది. సుమలత తలెత్తి చూసింది. ఆ చూపులో ఉన్నది భయం. మోస్రా నుంచి "తిన్న అత్తా" అన్నప్పటి గొంతులో ఉన్న భయమే. ఏం సంబంధమమ్మా అని అందరి ముందూ అన్న నోరు తనదేనని భూమవ్వకు గుర్తుకొచ్చింది.

"ఆఁ, తెలిసినోళ్ళమే బిడ్డా," అన్నది. "కూసోండ్రి."

ఆ వచ్చినామె పేరు సవిత, రాజేష్ అక్క. మహారాష్ట్ర దిక్కు ధర్మాబాద్‌లో ఇచ్చారు. బాలెంతగా ఉండి తమ్ముడి పెండ్లికి రాలేకపోయింది. అందుకే భూమవ్వ ఎవరో ఆమెకు తెలియదు. ఆమె చెడ్డదైతే బాగుండేది, భూమవ్వ తిట్టుకోవడానికి ఒక మనిషి దొరికేది. కాని సవిత నిండు మనసుతో మాట్లాడే మనిషి. కూర్చోవడమే ఆలస్యం, మూడు చాయ్‌లు చెప్పింది.

సంజన వచ్చి సుమలతను చూసి మొహం విప్పార్చుకుని, "వచ్చిందా మీ కో..." అనబోయింది.

"చాయ్ తొందరగ తే బిడ్డా, దూపైతుంది," అని భూమవ్వ ఆ మాటను మధ్యలోనే తుంచింది. సంజన బిత్తరపోయి వెళ్ళిపోయింది.

"పాపం, ఈ పిల్లకు తల్లి లేదవ్వా," అన్నది సవిత. "ఆషాఢానికి యాడికి పోవాలె? మా అమ్మ ఫోన్ చేసింది. నీ తాననే ఉంచుకో సవితా, తల్లిగారిల్లు అనుకోనీ అని. పోయిన వారం నుంచి మా ఇంట్లనే. నెలంత నాతోనే."

బస్సులో భూమవ్వ పదిసార్లు అనుకున్న మాటకు ఇక పని లేకుండా పోయింది. సున్నం కొట్టిన గది కండ్ల ముందు మెదిలింది. "మంచి పని చేసినవు బిడ్డా," అన్నది. అనడం అంత కష్టంగా ఏ మాటా ఆమెకు ఎన్నడూ రాలేదు.

"మీరేం కొన్నరవ్వా?" సవిత చెయ్యి అప్పుడే సంచి మీద పడింది. సేల్‌కు వచ్చిన ఆడవాళ్ళ మధ్య దానికి అనుమతి అక్కరలేదు. చీర బయటికి తీసి, "ఛాన్ ఆహే!" అన్నది మరాఠీలో. "ఎంత మంచి రంగవ్వా! ఎవరికి?"

"నా కోడలికి."

"సుమలతా, జెర నిలవడు." సవిత లేచి చీర మడత విప్పి సుమలత భుజం మీద వేసింది. "సూడవ్వా, ఈ పిల్లకే కొన్నట్టున్నది!"

భూమవ్వ చూసింది. తాను అనుకున్నట్టే ఉంది. వంకాయ రంగు ఆ మెడ పక్కన ఎంత నిండుగా ఉండాలో అంత నిండుగా ఉంది. సుమలత కదలకుండా, ఊపిరి కూడా తీయనట్టు నిలబడింది.

"మరి కోడలు రాలేదా మీతోని? ఒక్కరే చాయ్‌కొచ్చిండ్రు?" అన్నది సవిత.

"ఆషాఢం కద బిడ్డా," అన్నది భూమవ్వ. "తల్లిగారింటికి పోయింది."

"ఓ, కొత్త కోడలా?"

"ఆఁ. కొత్త కోడలే."

"యాదికొస్తుందా?"

"ఇల్లంత ఆమెనే ఉన్నట్టనిపిస్తది," అన్నది భూమవ్వ. ఆ మాట సవితతో అంటూ సుమలతను చూసింది. అంతకన్నా ఎక్కువ చెప్పుకునే వీలు ఆ బల్ల దగ్గర లేదు.

"గిసొంటి అత్త దొరకాలె!" అని సవిత చీర తీసి, మళ్ళీ నీటుగా మడత పెట్టి, సంచిలో పెట్టి భూమవ్వ ఒళ్ళో ఉంచింది. "సుమలతా, కింద గిట్లాంటిదే ఉంటది, నీగ్గూడ ఒకటి తీసుకుందం."

"వద్దు వదినా," అన్నది సుమలత. సవిత పట్టించుకోలేదు, అప్పటికే చాయ్ వచ్చింది.

మూడు కప్పులు, మూడు సాసర్లు, గొట్టాల్లో చక్కెర. ఎవరి చాయ్ వాళ్ళ ముందు పెట్టి పోయింది సంజన. సుమలత తల వంచుకుని గొట్టం చింపి తన కప్పులో చక్కెర కలిపింది. కలుపుతూ ఎక్కడో ఆలోచిస్తోంది. కప్పు ఎత్తి, సగం చాయ్ సాసర్లో పోసి, ఆ సాసరును భూమవ్వ ముందుకు జరిపింది.

సవిత పెద్దగా నవ్వింది. "అయ్యో, అవ్వ చాయ్ అవ్వకు ఉన్నది కదనే!"

సుమలత చెయ్యి సాసరు మీదే ఆగిపోయింది. ఏం చేసిందో అప్పుడు తెలిసినట్టుంది. భూమవ్వ ఆ చేతి కింద నుంచి సాసరు మెల్లగా లాక్కుంది.

"నాకు సాసర్ల తాగే అలవాటు బిడ్డా. పక్కింట్ల ఉన్న పిల్ల కద, యాదికుంచుకున్నది," అన్నది.

రెండు చేతులా సాసరు పట్టుకుని, ఊదుకుంటూ తాగింది. ఎన్ని గుక్కలుగా తాగగలిగితే అన్ని గుక్కలుగా తాగింది. సాసరు అయిపోతే ఇంక ఈ పిల్ల చేతి చాయ్ లేదు. కండ్లు మసకబారితే, చాయ్ ఆవిరి తగిలిందన్నట్టు కొంగుతో తుడుచుకుంది. సవిత తన చిన్నపిల్ల గురించి, ధర్మాబాద్ ఇంటి గురించి ఏదేదో చెబుతోంది. భూమవ్వ ఊఁ కొడుతూనే ఉంది.

బస్సు టైమైందని సవిత లేచింది. వద్దంటున్నా మూడు చాయ్‌ల బిల్లూ తానే కట్టింది. "మీ కోడలు మళ్ళొచ్చినంక ఇద్దరు కలిసి రాండ్రి ధర్మాబాద్," అని పిలిచి మరీ సంచులు తీసుకుని మెట్ల దిక్కు నడిచింది. సుమలత వెనకే పోయింది. కదిలే మెట్ల మీద సవిత కాలు పెట్టి కిందికి దిగిపోతోంది. సుమలత కాలు పెట్టలేదు. తిరిగి వచ్చింది. బల్ల పక్కన నిలబడి, భూమవ్వ భుజం పట్టుకుని, కొంచెం వంగింది.

"పోయొస్త అవ్వా," అన్నది.

చెయ్యి తీసి వెళ్ళిపోయింది. ముందు తల, తర్వాత మల్లెలు కూడా మెట్ల కింద మునిగిపోయాయి.

వినకూడనివాళ్ళెవరూ దగ్గర లేరు. సవిత సగం దూరం దిగిపోయింది. అత్తా అనొచ్చు. దాచాల్సిన పని లేదు. అయినా ఆ పిల్ల అత్తా అనలేదు. ఏడేండ్లు చెవి ఒగ్గి కూర్చున్న మాట ఇవాళ రెండుసార్లు విన్నది భూమవ్వ. మొదటిది ఎవరన్నా ముసలామెను పిలిచే అవ్వ. రెండోది అది కాదు. అది కాదని ఆమెకు ఎముకల్లో తెలిసింది. తెలిసి, బల్ల మీద తల పెట్టుకుని, చుట్టూ ఎవరున్నారో చూడకుండా ఏడ్చింది.

సంజన పరుగెత్తి వచ్చింది. "ఏమైందత్తమ్మా? కోడలేంది అట్ల పోయింది? అవ్వా అంటుందేంది?"

భూమవ్వ తలెత్తి కొంగుతో మొహం తుడుచుకుంది.

"కోడలైతే ఆషాఢం పోంగనే తిరిగొస్తుండె సంజనా," అన్నది. "ఇప్పుడు బిడ్డైంది. బిడ్డ కద, అత్తగారింటికి పోయింది."

సంజనకు అర్థం కాలేదు. బల్ల మీది ఖాళీ కప్పులు ఎత్తింది. భూమవ్వ ముందున్న కప్పు నిండుగా అట్లాగే ఉంది. తీసెయ్యాలా అని అడిగింది.

"ఉండనీ," అన్నది భూమవ్వ. చక్కెర గొట్టం ముట్టుకోలేదు. చల్లారిపోయిన ఆ చాయ్‌ని, మొహం మార్చకుండా, చివరిదాకా తాగింది.